పాలిటెక్నిక్–పరిశ్రమ పొత్తు నిలబడాలంటే: ఎంఓయూకు ముందు నుంచి 24వ వారం దాకా

"పిల్లల్ని ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు పంపాలి. ఏ కంపెనీతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) చేసుకోవాలి, ఎలా చేసుకోవాలి?" అని పాలిటెక్నిక్ లెక్చరర్లు అడుగుతూనే ఉన్నారు. అటువైపు చిన్న పరిశ్రమల వాళ్ల ప్రశ్న ఇంకోటి: "తీసుకోమంటే తీసుకుంటాం గానీ, వాళ్లతో ఏం చేయించాలి?"

ముందు రెండో ప్రశ్నకు జవాబు దొరకాలి. ఒక బ్రాంచి, ఒక పరిశ్రమ, ఆరుగురు విద్యార్థులు, ఫలానా ఆయన అని పేరు చెప్పగలిగే ఒక సూపర్‌వైజర్, వారంవారీ పని పట్టిక. ఇవి కుదిరాక ఎంఓయూ రాసుకోవడం ఒక్క పూట పని. ఇవేవీ లేకుండా సంతకాలు చేసి, శాలువా కప్పి, ఫొటో దిగితే ఆ ఫైలు మళ్లీ తెరిచేది తనిఖీ బృందం వచ్చిన రోజే.

ఇక్కడ మెకానికల్ బ్రాంచిని, నలభై యాభై మంది పనిచేసే సీఎన్‌సీ జాబ్‌వర్క్ షాపును (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషీన్ల మీద వేరే కంపెనీలకు ముక్కలు చేసిచ్చే చోటు) ఉదాహరణగా తీసుకున్నాం. మిగతా బ్రాంచిలకు మెషీన్ల పేర్లు మారతాయి, వరుస మారదు.

## 1. ముందు కాలేజీలో తేల్చుకోవాల్సినవి

ఆంధ్రప్రదేశ్ సి-20 కరికులంలో (2020లో వచ్చిన పాఠ్యప్రణాళిక) ఆరు నెలల ట్రైనింగ్ అయిదో సెమిస్టర్‌లోనో ఆరో సెమిస్టర్‌లోనో వచ్చేది. దాని తర్వాతి కరికులం ఉన్నవాళ్లు, తెలంగాణ కాలేజీల వాళ్లు తమ బ్యాచ్‌కు వర్తించే కరికులంలో అది ఎప్పుడు, ఎన్ని వారాలు ఉందో చూసుకోండి. ఏదైనా సరే, మొదలయ్యే తేదీకి నాలుగు నెలల ముందే కదలండి. నెల ముందు బయల్దేరితే చేతినిండా పని ఉన్న పరిశ్రమ దొరకదు. పనిలేక ఖాళీగా ఉన్నది దొరుకుతుంది.

బ్రాంచివారీగా ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి:

- పుట్టిన తేదీలు. పదో తరగతి కాగానే చేరినవాళ్లలో చాలామందికి అయిదో సెమిస్టర్ నాటికి 18 నిండవు. వాళ్లను రాత్రి షిఫ్టులో వేయకూడదు, ప్రమాదకరమైన మెషీన్ల మీద పెట్టకూడదు. ఈ జాబితా ముందే ఇవ్వకపోతే పరిశ్రమ వాళ్లు షిఫ్టుల పట్టిక రెండోసారి రాసుకోవాలి.
- ఎవరు ఎక్కడి నుంచి వస్తారు. ఇంటి నుంచి బస్సులో గంటలోపు వెళ్లగలిగేవాళ్లు, గది తీసుకోవాల్సినవాళ్లు, హాస్టల్‌లోనే ఉండాల్సినవాళ్లు అని మూడు వరుసలు.
- బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు. సప్లిమెంటరీ పరీక్షల కోసం ఎప్పుడెప్పుడు రావాలో.
- మన ల్యాబ్‌లో నేర్పలేనివి. పేరుపేరునా.

ఈ ఆఖరిదాని దగ్గర కాస్త ఆగండి. "ప్రాక్టికల్ నాలెడ్జి కావాలి" అని పరిశ్రమకు చెబితే వాళ్లకు ఏమీ అర్థం కాదు. చిన్న ఉదాహరణ. డ్రాయింగ్‌లో 25 మి.మీ. షాఫ్టుకు హెచ్7 (చిన్న అక్షరం h; కొలత ఎంత తగ్గవచ్చో చెప్పే గుర్తు) అని ఉంది. అంటే వ్యాసం 25.000కు, 24.979కి మధ్య ఉండాలి. మొత్తం సందు 0.021 మి.మీ. మన ల్యాబ్‌లో పిల్లలు కొలిచేది 0.02 లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియర్‌తో. సందు ఎంతో, కొలిచే పరికరంలో ఒక గీత కూడా దాదాపు అంతే. ఆ వెర్నియర్‌తో ముక్క పాసో ఫెయిలో తేల్చలేం. కాబట్టి జాబితాలో "డిజిటల్ మైక్రోమీటర్‌తో హెచ్7 షాఫ్టు తనిఖీ" అని రాయండి. ఇలాంటివి పన్నెండు పదిహేను చాలు. పట్టిక మొత్తం వీటి మీదే లేస్తుంది.

## 2. ఏ పరిశ్రమ తలుపు తట్టాలి

అందరి చూపూ పెద్ద పేర్ల మీదే ఉంటుంది. అక్కడ పిల్లవాడికి దొరికేది మంచి క్యాంటీను, నీట్‌గా ఉన్న గేట్ పాసు, దూరంగా నిలబడి చూసే అవకాశం. ముప్పై నుంచి వంద మంది ఉన్న షాపులో అయితే మూడో వారానికే చేతికి మైక్రోమీటర్ వస్తుంది. మా ఓటు మధ్యతరహా షాపులకే. పెద్ద కంపెనీకి విడిగా ట్రైనింగ్ సెంటర్ ఉంటే మాత్రం సంగతి వేరు, తప్పకుండా వెళ్లండి.

వెతకాల్సిన చోట్లు: జిల్లా పరిశ్రమల కేంద్రం, పారిశ్రామికవాడల్లోని స్థానిక సంఘాలు, ఐలా (పారిశ్రామికవాడ స్థానిక పాలన సంస్థ) కార్యాలయాలు. హైదరాబాద్ చుట్టుపక్కల బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు. విజయవాడ, విశాఖ ఆటోనగర్లు. అచ్యుతాపురం, శ్రీసిటీ వంటి సెజ్‌లు. మన పాత విద్యార్థులు సూపర్‌వైజర్లుగా ఉన్న షాపులైతే సగం పని అయినట్టే.

షాపును ఎంచుకునే ముందు ఒకసారి లోపల తిరిగి చూడండి. నేల మీద నూనె మడుగులు, గార్డు తీసేసిన గ్రైండర్, వేలాడుతున్న వైర్లు కనబడితే ఎంత పని ఉన్నా వద్దు. గేజ్‌ల (కొలిచే పరికరాల) మీద కాలిబ్రేషన్ స్టిక్కర్లు తేదీ దాటకుండా ఉన్నాయా? మెషీన్ పక్కన డ్రాయింగ్, జాబ్ కార్డు (ఆ పని వివరాల చీటీ) తగిలించి ఉన్నాయా? ఈ రెండూ ఉన్నచోట పని పద్ధతిగా జరుగుతున్నట్టే.

## 3. మొదటి భేటీ

హెచ్‌ఆర్‌ను కలవండి, కానీ ప్రొడక్షన్ చూసే మనిషి ఆ గదిలో లేకుండా మాట ముగించకండి. సరే అనేది హెచ్‌ఆర్ అయినా, పిల్లల్ని భరించాల్సింది ఆయన.

పవర్‌పాయింట్ అక్కర్లేదు. ఒక పేజీ తీసుకెళ్లండి: ఎంతమంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏమి వచ్చు, ఏమి రాదు, మనం ఏం అడుగుతున్నాం, మనం ఏం ఇస్తాం.

యజమాని మనసులో ఉండే భయాలు నాలుగైదే. పిల్లవాడికి దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత? నా సూపర్‌వైజర్ టైమంతా వీళ్లకే పోతుందా? కస్టమర్ డ్రాయింగ్ ఫోన్‌లో ఫొటో తీసి బయట పెడితే? నేర్చుకున్నాక పక్క షాపుకు పోతే? ఆయన అడగకముందే వీటికి మీరే జవాబు చెప్పండి. సూపర్‌వైజర్ టైము గురించి దాచొద్దు: మొదటి నెల రోజుకు అరగంట నుంచి గంట పోతుంది, వీళ్లు పూర్తిగా అక్కరకొచ్చేది రెండో నెల నుంచి. ఉన్నదున్నట్టు చెప్పినవాడి మాటే ఆయన నమ్ముతాడు.

మనం ఇవ్వగలిగినవీ ఉన్నాయి. కాలేజీలో యూటీఎం (లోహాన్ని లాగి బలం చూసే మెషీన్), హార్డ్‌నెస్ టెస్టర్ ఉంటే షాపు లోపలి అవసరాలకు పరీక్షలు చేసిపెట్టవచ్చు. అయితే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు లేని ల్యాబ్ రిపోర్టును కస్టమర్ ఒప్పుకోకపోవచ్చని ముందే చెప్పండి. అనుభవం మీద పైకొచ్చిన ఆపరేటర్లకు డ్రాయింగ్ చదవడం నేర్పే సాయంత్రం క్లాసులు, వారానికి రెండు చొప్పున ఆరు వారాలు పెట్టగలిగితే యజమానులు కాదనరు.

## 4. ట్రైనింగ్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు

ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం తగాదాలు వస్తాయి.

చదువులో భాగంగా చేసే ఆరు నెలల ట్రైనింగ్‌లో కుర్రాడు ఇంకా కాలేజీ విద్యార్థే. మార్కులు వస్తాయి. స్టైపెండ్ మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది.

డిప్లొమా పాసయ్యాక చేసేది అప్రెంటిస్‌షిప్. అది 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కిందికి వస్తుంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన మొత్తం సిబ్బందిలో, కాంట్రాక్టు వాళ్లతో కలిపి, 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 40 మంది ఉన్న షాపుకు లెక్క కట్టండి: కనీసం ఒకరు, గరిష్ఠంగా ఆరుగురు. నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదై, ఒప్పందం కుదిరితే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఈ వ్యవహారం చూసేది చెన్నై తరమణిలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి.

డిప్లొమావాళ్లకు 2019 సవరణలో కనీస స్టైపెండ్ నెలకు రూ.8,000గా పెట్టారు. ఎంఓయూలో ఈ అంకె రాయకండి. "ఆ రోజుకు అమల్లో ఉన్న కనీస మొత్తానికి తగ్గకుండా" అని రాయండి, అంకె పెరిగినప్పుడల్లా కాగితం తిరగరాయనక్కర్లేదు.

పిల్లలకు ముందే చెప్పాల్సిన ముక్క ఒకటుంది. డిప్లొమా అయ్యాక ఎక్కడైనా ఏడాది ఉద్యోగం చేసేస్తే ఈ అప్రెంటిస్‌షిప్‌కు అర్హత పోతుంది. ఏది ముందో వాళ్లు తెలిసే నిర్ణయించుకోవాలి.

కుదిరిన షాపులో ఈ రెండిటినీ ఒకదాని వెంట ఒకటి నడపడం మంచి పద్ధతి: ఆరుగురు ట్రైనింగ్ చేస్తారు, వాళ్లలో ఇద్దరు పాసయ్యాక అదే షాపులో అప్రెంటిస్‌లుగా చేరతారు, తర్వాతి బ్యాచ్‌కు పక్కన నిలబడి నేర్పేది వాళ్లే.

## 5. 24 వారాల పట్టిక

ఎంఓయూ కంటే ముందు రాయాల్సింది ఇదే. సూపర్‌వైజర్‌తో కూర్చుని, ఆయన చేతే రాయించండి. మనం రాసి తీసుకెళ్తే తలూపుతాడు, అమలు చేయడు.

1వ వారం, అందరూ కలిసి. గేటు నుంచి డిస్పాచ్ దాకా షాపు తిరగడం, మంటలు ఆర్పే సిలిండర్లు, అత్యవసర ఆపుడు బటన్లు ఎక్కడున్నాయో గుర్తుపట్టడం, జాబ్ కార్డు చదవడం. మెషీన్ ముట్టుకోకూడదు.

2 నుంచి 4వ వారం, ఇన్‌స్పెక్షన్ బెంచి. ముగ్గురు మొదటి షిఫ్టు, ముగ్గురు జనరల్ షిఫ్టు. ఆరుగురూ ఒకే బెంచి మీద పడితే అక్కడున్న ఇన్‌స్పెక్టర్ రెండో రోజే చేతులెత్తేస్తాడు. మెషీన్ కంటే ముందు ఇన్‌స్పెక్షన్ ఎందుకంటే, ఇక్కడ విరిగేది ఏమీ లేదు, డ్రాయింగ్ చదవకుండా పని జరగదు, పైగా షాపుకు మొదటి రోజు నుంచే కాస్త ఉపయోగం.

5 నుంచి 20వ వారం, మూడు జంటలు, నాలుగేసి వారాల నాలుగు విడతలు. ప్రతి జంటా రెండు విడతలు మెషీన్ దగ్గర, ఒకటి టూల్ స్టోరు–మెయింటెనెన్స్‌లో, ఒకటి క్వాలిటీ రికార్డుల్లో గడపాలి. ఇలా తిప్పండి:

- మొదటి జంట: టూల్ స్టోరు, మెషీన్, మెషీన్, క్వాలిటీ
- రెండో జంట: మెషీన్, టూల్ స్టోరు, క్వాలిటీ, మెషీన్
- మూడో జంట: మెషీన్, క్వాలిటీ, టూల్ స్టోరు, మెషీన్

ఏ విడతలో చూసినా మెషీన్ల దగ్గర నలుగురికి మించరు. ఒక్కో మెషీన్‌కు ఒక్కరే.

టూల్ స్టోరును చిన్నచూపు చూడకండి. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే, అరిగితే మార్చే చిన్న ముక్క) డబ్బా మీద సీఎన్‌ఎంజీ 120408 అని ఉంటుంది. చివరి 08 అంటే ముక్కు వ్యాసార్ధం 0.8 మి.మీ. ఆ ఒక్క అంకె తెలియక 04 ఉన్న డబ్బా మెషీన్‌కు పంపితే ప్రోగ్రాం అదే, ఫీడు అదే, ఉపరితలం మాత్రం గరుకు తేలుతుంది. నాలుగు వారాలు స్టోరులో ఉన్న పిల్లవాడు ఈ తప్పు చేయడు.

మెషీన్ దగ్గర మొదటి రెండు వారాలు ముక్క బిగించడం, తీయడం, కొలవడం వరకే. తర్వాత ఆపరేటర్ పక్కనుండగా ఆఫ్‌సెట్ (టూల్ ఎంత జరగాలో మెషీన్‌కు చెప్పే విలువ) సరిదిద్దడం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముక్క 25.03 వచ్చింది, 24.99కి తేవాలి. క్లాసులో వ్యాసార్ధం లెక్క అలవాటైన పిల్లవాడు తేడాను సగం చేసి మైనస్ 0.02 కొడతాడు. మామూలుగా లేత్‌ల మీద ఎక్స్ విలువ వ్యాసంలోనే ఉంటుంది. కొట్టాల్సింది మైనస్ 0.04. మీ షాపులో మెషీన్ ఎలా సెట్ చేసి ఉందో ఆపరేటర్‌ను అడిగి లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసుకోమనండి.

21 నుంచి 24వ వారం, ఒక చిన్న సమస్య. జంటకొకటి. "ఉత్పాదకత పెంపు" లాంటి పెద్ద మాటలు వద్దు. "ఫలానా ముక్కలో థ్రెడ్ గేజ్ ఎక్కక రిజెక్ట్ అవుతున్నవి ఎందుకు" అన్నంత చిన్నది చాలు. రిజెక్షన్ రికార్డులు నాలుగు వారాలవి తీసి, కారణాలవారీగా లెక్కపెట్టి, మొదటి కారణం మీద ఒక మార్పు చేసి, మళ్లీ లెక్కపెట్టాలి.

## 6. ఎంఓయూలో ఏమేం ఉండాలి

రెండు మూడు పేజీలు దాటితే ఎవరూ చదవరు. పట్టికను అనుబంధంగా కుట్టేయండి. తప్పనిసరి అంశాలు:

- కాలం: ఒక ఏడాది, ఒక బ్యాచ్. మూడేళ్లు, అయిదేళ్లు మొదటిసారే వద్దు.
- అటువైపు సూపర్‌వైజర్, ఇటువైపు లెక్చరర్: పేరు, హోదా. ఎవరైనా మారితే వారంలోగా కొత్త పేరు రాతపూర్వకంగా.
- పనిగంటలు, వారపు సెలవు, 18 నిండనివాళ్లకు షిఫ్టు పరిమితి, అమ్మాయిల షిఫ్టు వేళలు, రవాణా.
- షాపు ఇచ్చే భద్రతా సామగ్రి ఏది, విద్యార్థి తెచ్చుకునేది ఏది.
- బీమా: ఎవరు కడతారు, ఎంతకు, ఏ తేదీ నుంచి.
- స్టైపెండ్ ఉంటే ఎంతైనా సరే నేరుగా బ్యాంకు ఖాతాలోకే. బస్సు, భోజనం విడిగా రాయాలి.
- డ్రాయింగుల గోప్యత. ఫోన్ గేటు దగ్గరే పెట్టాలా, లోపలికి తేవచ్చా.
- ఒకే పనిలో వరుసగా నాలుగు వారాలకు మించి ఉంచకూడదు. మెషీన్ విడతలకు ఎనిమిది.
- ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదన్న మాట. ఉంటే షరతులతో.
- ఎవరు ఎన్ని రోజుల నోటీసుతో ఆపవచ్చు, మధ్యలో ఆగితే పిల్లల్ని ఎక్కడికి మార్చాలి.

బీమా సంగతి గట్టిగా పట్టుకోండి. చట్టం కింద నమోదైన అప్రెంటిస్‌కు పనిలో గాయమైతే పరిహారం బాధ్యత యజమానిది. చదువులో భాగంగా వచ్చిన విద్యార్థికి ఆ రక్షణ దానంతటదే వర్తిస్తుందని అనుకోవద్దు. కాలేజీ పేరిట గ్రూపు ప్రమాద బీమా తీసుకుని, కాపీ సూపర్‌వైజర్ దగ్గర ఉంచాకే పిల్లలు గేటు దాటాలి.

ప్రభుత్వ పాలిటెక్నిక్ అయితే ప్రిన్సిపాల్ ఎంతవరకు సంతకం చేయవచ్చో సాంకేతిక విద్యా కమిషనరేట్ నుంచి ముందే తెలుసుకోండి. సంతకాల రోజు ఖరారయ్యాక ఆ ప్రశ్న లేస్తే ఇద్దరికీ తలవంపు.

## 7. పంపే ముందు పది రోజులు

కాలేజీలోనే చిన్న శిబిరం పెట్టండి. మైక్రోమీటర్ సున్నా సరిచూడటం, ఒకే ముక్కను పదిసార్లు కొలిచి అంకెలు ఎంత దగ్గరగా వస్తున్నాయో చూడటం, డ్రాయింగ్ చూసి పరిమితులు చెప్పడం, లాగ్‌బుక్ రాయడం. ఇవి వస్తే చాలు. వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసాలు తర్వాత పెట్టుకోవచ్చు.

ఒక్కో విద్యార్థి సంచిలో ఉండాల్సినవి:

- సేఫ్టీ షూ, బిగుతుగా ఉండే కాటన్ బట్టలు రెండు జతలు. చున్నీ, వేలాడే ట్యాగు, ఉంగరం, చేతి కడియం వద్దు
- కళ్లద్దాలు, ఇయర్ ప్లగ్‌లు
- రక్తపు గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కార్డు
- బీమా కాపీ, కాలేజీ లేఖ, ఆధార్ నకలు, బ్యాంకు పాసుబుక్ నకలు
- తల్లిదండ్రుల అంగీకార పత్రం

తిరిగే మెషీన్ల దగ్గర చేతి గ్లవ్స్ వాడకూడదని వాళ్ల చేత చెప్పించండి. గ్లవ్స్ రక్షణ అనుకుని లేత్ దగ్గర వేసుకుంటారు. కొస చక్‌లో (ముక్కను పట్టుకుని తిప్పే భాగం) చిక్కితే చెయ్యి కూడా లాగేస్తుంది.

## 8. ఆరు నెలలూ కాలేజీ చేయాల్సింది

లెక్చరర్ మొదటి వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి వెళ్లాలి. తర్వాత మదింపుల ముందు. సి-20లో ట్రైనింగ్‌కు 300 మార్కులు ఉండేవి: 12 వారాల తర్వాత 120, 20 వారాల తర్వాత 120, ఈ రెండూ పరిశ్రమలోనే, చివర కాలేజీలో 60. మీ కరికులంలోని మదింపు తేదీలు సూపర్‌వైజర్‌కు మొదటి రోజే రాసిచ్చేయండి.

ఆరో వారం సందర్శన ఎగ్గొట్టకండి. పిల్లల్ని ప్యాకింగ్‌కో లోడింగ్‌కో మళ్లించి ఉంటే ఈపాటికి బయటపడుతుంది, దిద్దడానికి సమయమూ ఉంటుంది. 12వ వారంలో తెలిస్తే సగం పోయినట్టే.

వెళ్లినప్పుడు ఆఫీసులో కూర్చుని టీ తాగి రావద్దు. లాగ్‌బుక్ తెరవండి. ఇలా ఉంటే పనిలేదు:

"ఈరోజు సీఎన్‌సీ మెషీన్ గురించి తెలుసుకున్నాను. చాలా ఉపయోగపడింది."

ఇలా ఉండాలి:

"షాఫ్టు, మూడో ఆపరేషన్. పరిమితి 25.000–24.979. పది ముక్కలు కొలిచాను. ఏడోది 25.004. ఆపరేటర్‌కు చెప్పి మెషీన్ ఆపాం. ఇన్సర్ట్ అంచు అరిగింది. మార్చి, ఆఫ్‌సెట్ సరిచేశాక మొదటి ముక్క 24.990. ఏడో ముక్కను రిజెక్ట్ డబ్బాలో వేయకుండా రీవర్క్ ట్యాగు కట్టాం."

రెండోది రాసిన పిల్లవాడికి మౌఖికంలో ప్రశ్న వేయడం తేలిక, మార్కు వేయడం ఇంకా తేలిక. మొదటిది నెలంతా కనబడితే తప్పు పిల్లవాడిదే కాదు, ఆ నెల అతనికి ఎవరూ పని చెప్పలేదు.

## 9. ఎక్కడ చెడుతుంది, ఎలా దిద్దాలి

సర్టిఫికెట్ కొనుక్కోవడం. డబ్బు కట్టించుకుని ట్రైనింగ్ చేసినట్టు కాగితం ఇచ్చే చోట్లు ఉన్నాయి. పిల్లల్ని "మీరే ఎక్కడో చూసుకోండి" అని వదిలేసినప్పుడే ఇది మొదలవుతుంది. ఎక్కడ చేస్తున్నా రెండు వారాల్లోగా సూపర్‌వైజర్‌తో ఫోన్‌లో మాట్లాడాలి, గేటు హాజరు నకలు నెలనెలా రావాలి, ముందుగా చెప్పకుండా ఒకసారి వెళ్లి చూడాలి.

ఇరవై మందిని ఒకేచోట దింపడం. రవాణా కలిసొస్తుందని కాలేజీలు చేస్తుంటాయి. యాభై మంది షాపులో ఇరవై మంది పిల్లలంటే పెళ్లివారు దిగినట్టే. ఆరు నుంచి మొదలుపెట్టండి. రెండో ఏడాది ఎనిమిది. అంతకు మించి కావాలంటే రెండో షాపు.

పరీక్షల కోసం మాయం కావడం. సప్లిమెంటరీ రాయడానికి ముగ్గురు చెప్పకుండా వారం పోతారు. అదే వారం షాపులో ఆర్డరు ఒత్తిడి. తేదీలు ప్రకటించిన రోజే సూపర్‌వైజర్‌కు పంపితే అసలు గొడవే ఉండదు.

దూరం. గంటన్నర ప్రయాణం చేసేవాడు మూడో వారం నుంచి ఆలస్యం, అయిదో వారం నుంచి గైర్హాజరు. అమ్మాయిల విషయంలో షిఫ్టు ముగిశాక బస్సు ఉందా అన్నదే అసలు ప్రశ్న. చాలా పారిశ్రామికవాడల్లో చీకటి పడ్డాక ఆటో కూడా ఉండదు. షాపు వాహనం లేకపోతే వాళ్లకు జనరల్ షిఫ్టు అని పట్టికలోనే రాయండి.

లెక్చరర్ బదిలీ. ప్రభుత్వ కాలేజీల్లో పొత్తులు చచ్చేది ఎక్కువగా ఇందుకే. పరిచయమంతా ఒకాయన ఫోన్‌లో ఉంటుంది, ఆయనతో పాటే పోతుంది. మొదటి సందర్శన నుంచే ఇద్దరు వెళ్లండి. ఫైలు విభాగం బీరువాలో ఉండాలి.

ప్రమాదం. చిన్న గాయమైనా అదే రోజు రాతలోకి ఎక్కాలి: సమయం, మెషీన్, ఏం చేస్తుండగా, ఎవరు చూశారు. ముందు ఆసుపత్రి, వెంటనే ఇంటికి ఫోన్, తర్వాత బీమా కంపెనీకి సమాచారం. ఎవరి తప్పన్న మాట ఆ రోజు ఎత్తొద్దు.

సూపర్‌వైజర్ విసుగు. పిల్లల్ని చూసుకోవడం ఆయన జీతంలో లేదు. కాలేజీ నుంచి ప్రశంసా పత్రం, పరీక్షల్లో బయటి ఎగ్జామినర్‌గా పిలుపు, ఒక గెస్ట్ లెక్చరు, దానికి పారితోషికం. ఖర్చు కొంచెమే, మర్యాద చాలా. వేసవిలో మన లెక్చరర్ రెండు వారాలు ఆయన దగ్గరే పని నేర్చుకుంటే మరీ మంచిది.

## 10. "మీ ల్యాబ్‌కు మెషీన్ ఇస్తాం" అంటే

సంతోషమే, కానీ ఒప్పుకునే ముందు ఈ లెక్క చూడండి. పాత సీఎన్‌సీ లేత్ ఉచితంగా వచ్చినా త్రీఫేజ్ సరఫరా, స్టెబిలైజర్, విడి ఎర్తింగ్ గుంత, గాలి కంప్రెసర్, కూలెంటు, లూబ్ ఆయిల్, గట్టి నేల కావాలి. క్రేన్ ఖర్చు, తలుపు వెడల్పు కూడా. కంట్రోలర్ మెమరీ బ్యాటరీ అయిపోతే పారామీటర్లు చెరిగిపోయే రకం చాలా ఉంది. కాబట్టి పారామీటర్ల బ్యాకప్, మాన్యువల్, ఎలక్ట్రికల్ డ్రాయింగ్ లేకుండా మెషీన్ దించుకోవద్దు.

మొదటి ఏడాది మెయింటెనెన్స్ ఎవరిదో రాసుకోండి. నిర్వహణకు ఏటా కాలేజీ బడ్జెట్‌లో ఒక వరుస లేకపోతే, ఆ మెషీన్ మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచడమే మిగులుతుంది. అలాంటప్పుడు మెషీన్‌కు బదులు గేజ్‌లు, వాడిన ఇన్సర్ట్‌లు, రిజెక్ట్ ముక్కలు వాటి డ్రాయింగ్‌లతో సహా అడగండి. యాభై రిజెక్ట్ ముక్కలతో ఏడాదంతా మెట్రాలజీ (కొలతల) ల్యాబ్ నడపవచ్చు. ఇలాంటి విరాళానికి ఏ యజమానీ వెనకాడడు.

## 11. ఆఖరి రెండు వారాలు

23వ వారంలో జంటలు తమ సమస్యను షాపులోనే, ఆపరేటర్ల ముందు చెప్పాలి. పది నిమిషాలు, తెలుగులో. ఆపరేటర్లు వేసే ప్రశ్నలు ఏ బయటి ఎగ్జామినర్ వేసే ప్రశ్నలకన్నా గట్టిగా ఉంటాయి.

24వ వారంలో సూపర్‌వైజర్‌తో గంటసేపు కూర్చోండి. అడగాల్సినవి మూడే: ఏ వారాలు వృథా అయ్యాయి, పిల్లలకు ముందే వచ్చి ఉండాల్సింది ఏది రాలేదు, వచ్చే బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకుంటారు. రెండో జవాబును నేరుగా మూడో, నాలుగో సెమిస్టర్ ల్యాబ్ ప్రయోగాల్లోకి ఎక్కించండి. మూడో దానికి "చూద్దాం" అంటే పట్టుబట్టవద్దు. వృథా అయిన వారాలను సరిచేసిన కొత్త పట్టిక నెలలోగా పట్టుకెళ్లి, అప్పుడు మళ్లీ అడగండి.